వెజ్లే కొండ, నా సాక్ష్యం

మొన్న శుక్రవారం మెసైమీర్‌లో మా తెలుగు సంఘం ఆరాధన ముగియబోతుండగా, సాక్ష్యాల వేళ మైకు వరసలో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. ఈ అరబ్బు దేశంలో సెలవు శుక్రవారం గనక మా ఆదివారం కూడా శుక్రవారమే. వారం పొడుగునా ఒకరి స్టీరింగూ, ఒకరి గరిటే, ఒకరి పిల్లల్నీ పట్టుకున్న చేతులన్నీ ఆ పూట చప్పట్లు కొడతాయి. నేను మైకు పుచ్చుకుని, ఒక్క క్షణం ఉంచుకుని, పక్కన కూర్చున్న కాకినాడ తమ్ముడికి అందించేశాను. కొత్తగా వచ్చినవాడు, మర్యాద తెలిసినవాడు. “పెద్దవారు, ఏమీ చెప్పరా అన్నయ్యా?” అన్నాడు చెవి దగ్గర. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడున్నవాడికి దేవుడు చేసిన మేలు ఒక్కటీ గుర్తు రాలేదా అని లోపల అనుకునే ఉంటాడు. మేళ్ళకేం తక్కువ లేదు. పొద్దున్నే బండి తుడుస్తూ చెప్పుకుంటాను, అన్నం వార్చుకుంటూ చెప్పుకుంటాను, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెప్పుకుంటాను. మైకులో చెప్పడం మాత్రం మానేసి నాలుగేళ్ళయింది. అందుకు కారణం నా అవిశ్వాసం కాదు. ఒక సైకిలు, ఫ్రాన్సులో ఒక కొండ, నా నోరు.

నేను అల్ ఘర్రాఫాలో ఒక ఇంటి డ్రైవర్ని. ఇల్లంటే ఒకే ప్రహరీ లోపల రెండు విల్లాలు. ముందుది ఇంటిపెద్దది, వెనకది ఆయన పెద్దకొడుకుది. ఇంటిపెద్దని మేమంతా బాబా అనే పిలుస్తాం. నేను చేరేనాటికే బాబాకి అరవై దాటాయి. సర్కారు ఇంజనీరుగా చేసి దిగిపోయాడు. కుర్రతనంలో చదువుకి ఫ్రాన్సు వెళ్ళి నాలుగేళ్ళుండి వచ్చాడు. అక్కడ ఆయనకి రెండు తగులుకున్నాయి: ఒకటి రోడ్డు సైకిలు, రెండు గదిలో తోడున్న ఒక స్నేహితుడు. ఆ స్నేహితుడు తరవాత అక్కడే ఒక బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు గనక నేను ఆయన్ని మనసులో ఫ్రాన్సు మేష్టారు అనుకునేవాణ్ణి. ఏటా మే నెలలో బాబా సైకిలు విప్పి పెట్టెలో సర్దుకుని అక్కడికి వెళ్ళేవాడు. ఇద్దరూ ఓసేర్ అనే ఊళ్ళో, గడియారపు బురుజు కింద కాఫీ తాగి బయల్దేరి, కాలవ గట్టు పట్టుకుని దక్షిణంగా తొక్కి, రెండో రోజుకి వెజ్లే అనే కొండమీది ఊరు చేరేవారు. అదే దారి, అదే ఇద్దరు, ముప్ఫై యేళ్ళ పైచిలుకు. వేరే దారులు లేవా బాబా అని ఒకసారి అడిగాను. “నమాజుకి ఒకటే దిక్కు. సైకిలుకి మాత్రం పది ఎందుకు?” అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బాబా మాట్లాడేది అరబ్బీ, నాకొచ్చింది డ్యూటీ అరబ్బీ, ఇద్దరికీ సరిగా రానిది హిందీ, మధ్యలో కాస్త ఇంగ్లీషు. ఆయన మాటలు ఇలా తెలుగులో రాస్తుంటే ఈయనకింత మంచి తెలుగు ఎప్పుడొచ్చిందా అని నాకే నవ్వొస్తోంది. కానీ ఆయన మాటలో ఉన్న బరువు మాత్రం నేను కలిపింది కాదు.

మిగిలిన నెలల్లో ఆయన ఇక్కడే తొక్కేవాడు. తెల్లవారగట్ల నమాజు అయ్యాక, ఎండ పుట్టకముందు, ఊరి బయటి రోడ్డు మీద. ఆయన ముందు సైకిలు, వెనక నేను పెద్ద బండిలో, నాలుగు దీపాలూ మిణుకుమనిపిస్తూ, పాతిక కిలోమీటర్ల వేగంతో. ఆ బండికి పాతిక వేగమంటే ఏనుగుని చీమల బారు వెనక నడిపించడమే. వెనకనించి వచ్చే లారీలన్నీ నాకు హారన్ కొట్టేవి, నేను ఆయనకి కొట్టకూడదు. పక్క సీట్లో చల్లటి నీళ్ళు, ఉప్పు కలిపిన మజ్జిగ, ఖర్జూరాలు, ఒక ట్యూబు, ఒక పంపు. పద్నాలుగేళ్ళు అలా నడిపానేమో, బాబా మొహం కంటే వీపే నాకు బాగా తెలుసు. కుడి భుజం కాస్త దిగితే అలసట, మెడ పక్కకి తిరిగితే గాలి ఎదురు, నడుం నిటారుగా లేస్తే మనసు బాగుంది. మనిషిని వెనకనించి కాపాడ్డంలో ఒక ఇబ్బందుంది. జరగబోయేది ముందుగా కనిపించేది మనకే, పట్టుకోవడానికి చెయ్యి అందనిదీ మనకే.

ఫ్రాన్సు దారి నాకు ఆయన మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే గదిలో, నేల మీద పరిచిన మ్యాపు మీద నేర్పాడు. వేళ్ళతో చూపిస్తూ ఊరూరూ చెప్పేవాడు. ఇదిగో, ఇక్కడ కాలవ పక్కన తెల్లటి రాతి గుట్టలు నిలువుగా లేస్తాయి, కుర్రాళ్ళు తాళ్ళు కట్టుకుని వాటిమీద పాకుతుంటారు. ఇదిగో, ఇక్కడ చర్చి ఒక్కటే ఊరంత ఉంటుంది. ఇవి ద్రాక్షతోటలు, మాకు పనికిరాని సరుకు కాస్తాయి, చూడ్డానికి హలాలే. ఇక ఇవి కాలవ మీద తలుపులు, పడవ లోపలికి రాగానే తలుపు మూసి నీళ్ళు నింపి పైకెత్తుతారు, నీకు అర్థం కాదులే, అన్నాడు. “లాకులు!” అన్నాను నేను. పశ్చిమ గోదావరిలో మా ఊరు సరిగ్గా లాకుల పక్కనే. పడవలు ఆగి, లాకులో నీళ్ళు పొంగే దాకా సరంగులు మా అరుగుల మీద కూర్చుని చుట్టలు కాల్చుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. నేను చపాతీపీటా, రెండు పుస్తకాలు అడ్డంపెట్టి, పై లాకు ఎలా మూస్తారో, కింద లాకు ఎలా తీస్తారో బాబాకి చూపించాను. ఇంజనీరు గడ్డం నిమురుకుంటూ విన్నాడు. “ముప్ఫై యేళ్ళు దాని పక్కన తొక్కాను, నీ అంత బాగా ఎవడూ చెప్పలేదు,” అన్నాడు. ఆ రోజునించి ఆ కాలవ నాదీ అయిపోయింది. ఎన్నడూ చూడని గట్టు మీద నాకు ప్రతి మలుపూ తెలుసు.

వెజ్లే కొండ మీద ఉన్నది మగ్దలేనే మరియ పేర కట్టిన పాత గుడి. సండే స్కూల్లో ఆమె కథ కంఠతా వల్లించినవాణ్ణి గనక ఆ సంగతి తెలియగానే నా ప్రాణం అక్కడికే పోయింది. గుమ్మం మీద రాతిలో ప్రభువు, ఆయన చేతులనించి శిష్యుల మీదికి కిరణాలు, చుట్టూ లోకంలోని జాతులన్నీ చెక్కారని బాబా ఫోటోలు చూపించాడు. వాటిలో చాటలంత చెవులున్నవాళ్ళు కొందరున్నారు. “వీళ్ళు మీ ఇండియా వైపువాళ్ళని అప్పట్లో అనుకునేవారట,” అని నా చెవుల వంక చూసి పగలబడి నవ్వాడు. మరో సంగతి కూడా చెప్పాడు. పూర్వం ఆ కొండ మీదే నిలబడి మతగురువొకాయన తూర్పు దేశాల మీదికి యుద్ధానికి పదండని బోధించాడట. “అంటే మా మీదికే. ఇప్పుడు నేను ఎక్కేసరికి ఒక ముసలమ్మ మంచినీళ్ళ సీసా ఇస్తుంది. కొండ మాత్రం అదే,” అన్నాడు.

అయిదేళ్ళ కిందట డిసెంబరులో బాబా పడ్డాడు. అంతకుముందొకసారి చిన్నగా పడితే మోచెయ్యి గీసుకుంది. కొడుక్కి చెప్పొద్దన్నాడు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు, నేనూ నోరు విప్పలేదు. ఎవరూ అడగలేదు గనక అబద్ధమాడలేదని నా మనసుకి నచ్చజెప్పుకున్నాను. ఈసారి దాచే పడడం కాదు. రాత్రి గాలికి మలుపులో ఇసక మేట వేసింది. నాకు కనిపించింది. హారన్ మీదికి చెయ్యి వెళ్ళేలోపల ముందు చక్రం జారింది. ఆ వీపు ఎన్నడూ లేని విధంగా పక్కకి ఒరిగి నేలకి తగిలింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో కొడుకు నన్ను ఒక్కటే అడిగాడు: “ఇది మొదటిసారా?” అడిగాడు గనక చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఆ రోజునించి నా మాట మీద ఆయనకి నమ్మకం పోయింది, అంతే. తిడితే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆపరేషన్ అయి ఏడాది తిరిగేసరికి బాబా కర్రతో నడుస్తున్నాడు. ఆయన గదిలోనే సైకిలు వెనక చక్రం తీసేసి ఒక ఇనప స్టాండుకి బిగించారు. ఎదురుగా టీవీలో ఫ్రాన్సు రోడ్డు కదులుతుంటుంది, అక్కడ ఎత్తు వస్తే ఇక్కడ పెడల్ బిగుస్తుంది. ఫిజియోథెరపీ చేయించే మలయాళీ సిస్టరు వారానికోసారి తొడకి టేపు చుట్టి కొలిచి, రాసుకునేది. అప్పుడే మేష్టారి దగ్గర్నించి ఫోను వచ్చింది. ఆయన కంటి మధ్యలో మచ్చ పెరుగుతోందట. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఈ మే నెల దాకా తొక్కగలను, తరవాత డాక్టరు ఒప్పుకోడు, అన్నాడట. బాబా కొడుకుని పిలిపించాడు. పడ్డ రోజున, కాలి విషయంలో నీ మాటే నా మాట అని ఆయన కొడుక్కి మాటిచ్చి ఉన్నాడు. కొడుకు చెడ్డవాడు కాడు. తండ్రంటే ప్రాణం గనకనే భయం. “మార్చిలో డాక్టరు సరేనంటే, తొడ బలం సరిపోతుందంటే, నేనే టికెట్ తీస్తాను. అప్పటిదాకా రోడ్డు మీద కాలు పెట్టనని మాటివ్వు,” అన్నాడు. బాబా ఇచ్చాడు. అప్పుడు జనవరి. అంతా తొడకి చుట్టే టేపులో ఉంది.

ఇక నా పని ప్రార్థన. శుక్రవారం చీటీ మీద రాసి ఇచ్చాను, అందరూ మోకాళ్ళేశారు. మూడు వారాలు ఉపవాసం కూడా ఉన్నాను. మా సంఘంలో ఒక అలవాటుంది. అడిగింది ఇంకా చేతికి రాకముందే, వచ్చేసిందని నిలబడి చెప్పి స్తోత్రం చేస్తాం. విశ్వాసమంటే అదేనని మాకు చిన్నప్పటినించీ నేర్పారు. మా చెల్లికి నొప్పులు మొదలుకాకముందే మా అమ్మ లేచి, సుఖప్రసవమైంది, తల్లీబిడ్డా క్షేమమని సాక్ష్యం చెప్పింది, అలాగే జరిగింది. వినేవాళ్ళందరికీ అది ఎలా వినాలో తెలుసు. నాలుగో శుక్రవారం మైకు వచ్చింది. లేచాను. నాకు ముందుగా ఏమీ అనుకున్నది లేదు, ఆత్మలో ఉన్నాను. “మా బాబా లేచాడు. సైకిలెక్కి రోడ్డు మీదికి వెళ్ళాడు. కాలవ గట్టు పట్టుకుని లాకు తరవాత లాకు దాటాడు. స్నేహితుడి పక్కన, ఎక్కడా ఆగకుండా, వెజ్లే కొండ ఎక్కాడు. దేవునికి స్తోత్రం!” హాలు హాలంతా స్తోత్రమంది. నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ నిమిషంలో అది నాకు నిజం. కళ్ళారా చూశాను.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి మా తోటమాలితో ఆ ముచ్చట చెప్పాను. అతనిది జగిత్యాల దగ్గర ఊరు. అంతకుముందు బిర్కత్ అల్ అవామిర్‌లో కూలీల క్యాంపులో ఉండి, సైట్ పని చేసి, నడుం నొప్పితో ఇక్కడికి మారాడు. నీళ్ళ పైపు చేత్తో పట్టుకుని అంతా విన్నాడు. “ఏందే డ్రైవరన్నా, సామాను రాకముందే ముట్టిందని సంతకం పెట్టినవా? మా సైట్ల గట్ల జేస్తే ఫోర్‌మెన్ ఉరికిచ్చి తంతడు,” అన్నాడు. నీకు తెలియదులేవోయ్, ఇది విశ్వాసం సంగతి అన్నాను. “గట్లనే కానీయ్. మంచిగైతే మంచిదే గద. బాబా పోతే నేను గూడ సంతోషపడ్త,” అని పైపు జామచెట్టుకి తిప్పాడు.

నాకు తట్టనిదొకటి ఆ రోజు హాల్లో వెనక వరసలో ఉంది. వెనక విల్లాలో వంట చేసే కడప చెల్లెమ్మ. అప్పటికి రెండు నెలలుగానే ఆరాధనకి వస్తోంది, నేనే బండిలో తీసుకొచ్చేవాణ్ణి. పాటలు నేర్చుకుంటోంది, సాక్ష్యాలు వింటే మురిసిపోయేది. ముందే చెప్పే సాక్ష్యమొకటుంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమె దాన్ని కబురుగా విన్నది. సంతోషం పట్టలేక సాయంత్రం ఇంటి కోడలితో చెప్పింది: పెద్ద బాబాకి స్వస్థత వచ్చింది, రోడ్డు మీద తొక్కుతున్నాడు, డ్రైవరన్న అందరి ముందూ చెప్పాడు.

మర్నాడు పొద్దున్న కొడుకు నన్ను గరాజులోకి పిలిచాడు. గొంతు పెంచలేదు.

“మా నాన్న రోడ్డు మీద తొక్కాడా?”

“లేదు సార్.”

“తొక్కాడని నీ చర్చిలో చెప్పావా?”

“చెప్పాను సార్.”

“దేవుడి ఎదటా?”

“అవును సార్.”

“అయితే అక్కడ అబద్ధమాడావు.”

“లేదు సార్. అది అబద్ధం కాదు. కొండ కూడా ఎక్కాడని చెప్పాను.”

“ఏ కొండ?”

“ఫ్రాన్సు కొండ సార్.”

పదిహేనేళ్ళలో నేను నేర్చిన అరబ్బీ అంతా పోగేసినా అందులో నాకు కావలసిన మాట లేదు. జరుగుతుందని నమ్మాను గనక జరిగిందన్నాను, అని హిందీలో చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. చెప్పినకొద్దీ దొంగలా కనిపిస్తున్నానని నాకే తెలుస్తోంది. “పోయినసారి దాచావు. ఈసారీ దాస్తున్నావు. నాన్న చెప్పమన్నాడా?” అన్నాడు. ఆ ప్రశ్నకి నేనేం చెప్పినా దాచినట్టే.

ఆయన నేరుగా తండ్రి గదికి వెళ్ళాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. కొడుకు అడిగాడు, రోడ్డు మీద తొక్కావా అని. తొక్కలేదని బాబా ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆయన అనలేదు. “నేను నీకు మాటిచ్చాను. వంటావిడ మాట విని నా మాట గురించి నన్నే అడుగుతున్నావా?” అన్నాడు. నేను గుమ్మంలోకి వెళ్ళి, తప్పు నాది బాబా, సార్, అంటూ ఏదో మొదలుపెట్టాను. ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి నన్ను ఆపారు. తండ్రీకొడుకుల చెయ్యెత్తడం కూడా ఒక్కలాగే ఉంటుందని అప్పుడే గమనించాను.

సాయంత్రానికి, కొడుకు చెప్పగా, స్టాండుతో సహా సైకిలు ఊరి ఉత్తరాన ఉన్న వాళ్ళ తోటకి వెళ్ళిపోయింది. పికప్‌లోకి ఎక్కించింది నేనూ, తోటమాలీ. అతను ఈసారి ఎగతాళి చెయ్యలేదు. తాడు బిగిస్తూ, “ఊకో అన్నా, నువ్వు మంచి మాటనే అన్నవు గద,” అన్నాడు. కడప చెల్లెమ్మ ప్రహరీ పక్కన నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. “అన్నా, నేను చెడు మాట యాడన్నా మోస్తినా? నువ్వే జెప్తివి గదన్నా, ఎక్కినాడని. అంతమందిలో జెప్తివి. నేను నమ్మినా. నమ్మడం తప్పాన్నా?” అంది. తప్పు కాదమ్మా, అన్నాను. బండి కదిలింది.

ఆ వారం బాబాని ఆస్పత్రికి తీసుకెళ్తూ క్షమాపణ చెప్పాను. ఆయన ముందు సీట్లోనే కూర్చుంటాడు. అల్ ఘర్రాఫా సిగ్నల్ దాటాక అడిగాడు: “నీ సాక్ష్యంలో నేను కొండ ఎలా ఎక్కాను?”

“ఎక్కడా ఆగకుండా ఎక్కారు బాబా.”

“అయితే అది నేను కాదు,” అని నవ్వాడు. “ఇరవై యేళ్ళప్పుడు కూడా నేను ఆగకుండా ఎక్కలేదు. ఎవణ్ణి చూశావో ఏమో.”

తరవాత నవ్వకుండా అన్నాడు: “మేం రేపు పొద్దు పొడుస్తుందని చెప్పినా ఇన్‌షా అల్లా అంటాం. మీకు ఆ మాట లేదా?”

ఉంది. అదే నన్ను నిలువునా కోసింది. ప్రభువు చిత్తమైతే. మా తాత ఏ ఉత్తరం రాసినా ఆ మాట లేకుండా రాయలేదు. ప్రభువు చిత్తమైతే వచ్చే నెల వస్తాను, ప్రభువు చిత్తమైతే ఊడ్పులు మొదలుపెడతాం. ఊళ్ళో పిల్లలు ఆయన్ని ప్రభువు చిత్తం తాతయ్య అనే పిలిచేవారు. వాక్యంలో ఉన్న మాట, నాకు కంఠతా వచ్చిన మాట. మైకు పట్టుకున్నప్పుడు మాత్రం అది విశ్వాసం చాలనివాళ్ళు అనే మాటలా తోచి, పక్కన పెట్టేశాను. విశ్వాసానికి నేనేం దూరం కాలేదు. నేను దేవుడికి ఉంచాల్సిన చోటు ఉంచలేదు, అంతే. “ఉంది బాబా,” అన్నాను. “అయితే ఈసారి అనుకో,” అన్నాడు ఆయన, ఎప్పటిలా, ఎవరికో దారి చెబుతున్నట్టు.

దిద్దుకుందామని ఆ పై శుక్రవారం నిలబడ్డాను. “పోయిన వారం మా బాబా గురించి చెప్పాను...” అనగానే హాలంతా స్తోత్రమంది. “అది ఇంకా...” అన్నాను. మరింత గట్టిగా స్తోత్రం. ఇంకా ఎక్కువ మేలు జరిగిందేమోననుకున్నారు పాపం. ఆ ముందు వరసలో తడిసిన కళ్ళు చూసి మైకు పక్కవాడికి ఇచ్చేశాను. కూర్చున్నాను. తరవాత పాస్టరుగారికి విడిగా చెబితే, విశ్వాసం సడలనివ్వకండి బ్రదర్, ఇంకా మార్చి రాలేదుగా, అన్నారు. ఆయన అన్నదీ నిజమే, ఇంకా రాలేదు.

మార్చి వచ్చింది. మలయాళీ సిస్టరు సైకిలు ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా, నడిపించండి చాలు అన్నాడు కొడుకు. తండ్రి అడిగితే ఇచ్చేవాడే. తండ్రి అడగలేదు. ఆరు వారాలు బాబా విల్లా చుట్టూ కర్రతో నడిచాడు. నేను వెనక నడిచాను, బండి లేకుండా. ఆయన వీపులో అలసట గుర్తు కూడా కనిపించలేదు, అలసటకి కూడా పని కావాలి కదా. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు సిస్టరు టేపు చుట్టింది, రాసింది, మళ్ళీ చుట్టింది. జనవరిలో రాసిన కొలత కంటే తగ్గింది. ఆమె కాగితం నాకు చూపించి, మడిచింది. డాక్టరు ఈ యేడాది వద్దన్నాడు. కొడుకు ఆ గదిలో తల దించుకుని కూర్చున్నాడు. అప్పటికి ఆయనకి అనుమానం పోయింది, తండ్రి మాట తప్పలేదని తెలుసు. ఎలా తెలిసిందని నేనడగలేదు. తెలిసినా ఆ తొడకి కండ రాదు.

తిరిగొస్తూ బాబా బండిలోనే మేష్టారికి ఫోను చేశాడు. ఫ్రెంచి నాకు రాదు. ఓసేర్ అన్న మాట వినిపించింది, వెజ్లే అన్న మాట వినిపించింది. ఫోను పెట్టేశాక బాబా చెప్పాడు: “నేను లేకుండా వెళ్ళడట. వచ్చే యేడాది దాకా చూద్దామన్నాడు.” చూద్దామన్న మాట పలికినప్పుడు ఆయనే ఒక్క నిమిషం ఆగాడు. “ఇన్‌షా అల్లా,” అన్నాడు. నేను లోపల నా మాట నేను అనుకున్నాను. పైకి అనలేదు, నాకు హక్కుందనిపించలేదు.

మరుసటి యేడాదికి కాలు బాగుపడింది. కొడుకే తోటకి వెళ్ళి సైకిలు తెచ్చాడు, ఎండకి బీటలు తీసిన టైర్లు మార్పించాడు, చైను తన చేత్తో తుడిచాడు. డాక్టరు సరేనన్నాడు. నన్ను చూసి కొడుకు మొదటిసారి, “దువా చెయ్యి, కానీ మెల్లగా చెయ్యి,” అన్నాడు, కాస్త నవ్వుతూనే. అంతా సిద్ధం. అప్పటికి మేష్టారి చూపు పోయింది. గ్లాసు అందుకోవడానికే తడుముకుంటున్నాడట. బాబా సైకిలు లేకుండానే విమానమెక్కాడు. చేతిసంచీ ఒక్కటే లోపల పెట్టి విమానాశ్రయంలో దించినప్పుడు, వెనక డిక్కీ ఖాళీగా ఉండడం నాకు ఏదో మర్చిపోయినట్టే అనిపించింది.

పది రోజులకి మధ్యాహ్నం విమానంలో తిరిగొచ్చాడు. దారిలో ఆయనే చెప్పాడు. మేష్టారి కూతురు కారు నడిపిందట. కాలవ వెంట ఊరూరా ఆపుతూ వెళ్ళారు. లాకు దగ్గర ఆపి, నీళ్ళు పొంగే చప్పుడు మేష్టారికి వినిపించారు. గుడి గుమ్మం ముందు నిలబెట్టి, మీద చెక్కిందంతా బాబా చెప్పాడు, చాట చెవులవాళ్ళతో సహా, మా డ్రైవరు కూడా వాళ్ళలో ఒకడని చెప్పాడట. ఒక ముస్లిం పెద్దాయన, చూపులేని స్నేహితుడికి, మా ప్రభువు చేతుల్లోంచి వచ్చే కిరణాలు లెక్కపెట్టి చెప్పాడన్నమాట. అయితే కొండ ఎక్కేటప్పుడే కుదరలేదన్నాడు. కొండ కింది ఊరు దాటగానే చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమవైపు ద్రాక్షతోట వస్తోంది అనేసరికి తోట వెనకపడింది. రాతి శిలువ అనేసరికి మలుపు తిరిగింది. మేష్టారు, ఏదీ, ఏదీ, అని కిటికీ వైపు మొహం పెడుతుండగానే బండి పైకి చేరి ఆగిపోయింది.

“ఎంతసేపు పట్టింది బాబా?” అన్నాను.

“నాలుగు నిమిషాలు. మేం దానికి ఎప్పుడూ గంట పట్టించుకునేవాళ్ళం,” అన్నాడు, కళ్ళు రోడ్డు మీదే ఉంచి.

నేను వేగం తగ్గించాను. ఎందుకో తెలియదు, పాతికకి తగ్గించాను. వెనకనించి హారన్లు మొదలయ్యాయి. జరగనిదాన్ని జరిగిందని చెప్పి నేను ఆయన దగ్గర లాక్కున్నది కొండ కాదు, కొండ అక్కడే ఉంది. ఇద్దరు ముసలివాళ్ళు రొప్పుతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ గడపాల్సిన ఆ గంటలో నాలుగు నిమిషాలు మాత్రమే వాళ్ళకి దక్కాయి. మిగిలిన యాభై ఆరూ ఎక్కడికి పోయాయో నాకు తెలియదు, కాలాన్ని చేసినవాడికి తెలుసు.